ఉక్కు లెక్క పక్కా... కేసుల లెక్క గల్లంతు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే ప్రతి రైలు పట్టాపైనా అది తయారైన నెల, సంవత్సరంతో పాటు ఏ విడత కరిగించిన ఉక్కు నుంచి దానిని సాగదీశారో తెలిపే సంఖ్య కూడా ముద్రించి ఉంటుంది. దేశంలో ఏ మూల ఆ పట్టాలో పగులు కనిపించినా, ఆ సంఖ్యను పట్టుకుని వెనక్కి వెళ్లి లోపం ఏ దశలో జరిగిందో ఆరా తీయవచ్చు. అదే భిలాయిలోని పోలీసు స్టేషన్లలో నమోదయ్యే క్రిమినల్ కేసులకూ సంఖ్యలకు కొదవ లేదు. ఎఫ్.ఐ.ఆర్.కు ఒక సంఖ్య, కోర్టులో కేసుకు మరో సంఖ్య, కంప్యూటరులో పదహారు అక్షరాలు, అంకెలతో కూడిన ఇంకో సంఖ్య ఉన్నాయి. అయినా ఒక కేసులో అభియోగపత్రం ఎందుకు దాఖలైంది, మరో కేసు అది లేకుండానే ఎందుకు మూతపడింది, వేరొక కేసును ప్రభుత్వం ఎందుకు ఉపసంహరించుకుంది అన్న ప్రశ్నలకు ఆ సంఖ్యల ఆధారంగా సమాధానం రాబట్టడం సామాన్య పౌరునికి సాధ్యమయ్యే పని కాదు.

తీర్పులు బహిరంగంగా వెలువడతాయి. అయితే తీర్పు దాకా వచ్చే దారిలో పోలీసులు, ప్రాసిక్యూటర్లు, ప్రభుత్వాలు తీసుకునే నిర్ణయాలు మాత్రం చాలావరకు ఫైళ్లలోనే ఉండిపోతున్నాయి. ఈ నిర్ణయాలను, వాటి ఫలితాలను పట్టణాల వారీగా, జిల్లాల వారీగా ప్రజలందరూ చూసుకోగల గణాంకాలుగా వెల్లడించాలన్న వాదనకు ఇటీవలి సంవత్సరాలలో బలం చేకూరుతున్నది. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో ఊపిరి పోసుకుని, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించడంతో ఉక్కునగరంగా ఎదిగిన భిలాయి ఈ వాదనకు చక్కని ఉదాహరణగా నిలుస్తున్నది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం తరలి వెళ్లిన వేలాది తెలుగు కుటుంబాలకు ఈ పట్టణం సొంత ఊరుగా మారిపోయిన విషయం తెలిసిందే.

నియోగి కేసు నేర్పిన పాఠం

భిలాయి చరిత్రలో అత్యంత సంచలనం కలిగించిన క్రిమినల్ కేసు కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి హత్యకేసు. ఒకప్పుడు ఇదే ఉక్కు కర్మాగారంలో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న నియోగి, దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులను కూడగట్టి ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చాను నిర్మించారు. 1990 నుంచి భిలాయి ప్రైవేటు పరిశ్రమల్లోని కాంట్రాక్టు కార్మికుల ఆందోళనకు నాయకత్వం వహిస్తూ వచ్చిన ఆయనను 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున భిలాయిలోని హడ్కో కాలనీ ఇంట్లో నిద్రిస్తుండగా కిటికీలోంచి తుపాకీతో కాల్చి చంపారు. తనకు ప్రాణహాని ఉన్నదని ఆయన ముందుగానే డైరీలో రాసుకున్నారు, క్యాసెట్‌లో చెప్పి ఉంచారు.

దర్యాప్తు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. తొమ్మిది మందిని నిందితులుగా చేర్చారు. హైదరాబాదుకు చెందిన ప్రముఖ పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఈ కేసులో ప్రాసిక్యూషన్ పక్షాన కృషి చేశారు. దుర్గ్ సెషన్స్ కోర్టు 1997 జూన్‌లో తీర్పు చెబుతూ కాల్పులు జరిపిన పల్టన్ మల్లాకు మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికులతో సహా ఐదుగురికి యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. మిగిలిన ముగ్గురిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1998 జూన్‌లో, జబల్పూరులోని మధ్యప్రదేశ్ హైకోర్టు శిక్షపడిన వారందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. అనంతరం సుప్రీంకోర్టు 2005 జనవరి 20న పల్టన్ మల్లా ఒక్కడినే దోషిగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష విధించింది. తక్కిన వారి విడుదలను ఖాయం చేసింది.

ఒకే సాక్ష్యాన్ని మూడు కోర్టులు మూడు విధాలుగా తూచిన ఈ కేసులో ఎవరి తూకం సరైనదో అన్నది న్యాయశాస్త్ర పండితుల చర్చకు వదిలిపెట్టవలసిన అంశం. ఇక్కడ గమనించవలసింది వేరు. ప్రతి మలుపూ, ప్రతి తేదీ, ప్రతి కారణమూ నేడు తెలుస్తున్నాయంటే అందుకు హతుడు దేశమంతా ఎరిగిన నాయకుడు కావడం, వేలాది కార్మికులు పద్నాలుగేళ్ల పాటు ఆ కేసును కనిపెట్టుకుని ఉండటం, సుప్రీంకోర్టు తీర్పు న్యాయ నివేదికల్లో అచ్చుకావడం కారణాలు. హైకోర్టు అందరినీ విడిచిపెట్టిన తరువాత కేసు సుప్రీంకోర్టుకు చేరడం కూడా తనంతట తానుగా జరిగిన పరిణామం కాదు. ఆనాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హతుని కుటుంబానికి స్వతంత్రంగా అప్పీలు చేసే హక్కు లేదు. పైకోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది ముఖ్యంగా ప్రాసిక్యూషన్ నిర్ణయం.

నియోగి హత్య జరిగిన తొమ్మిది నెలలకు, 1992 జూలై 1న, తమ కోర్కెల సాధనకై భిలాయి పవర్‌హౌస్ స్టేషన్‌లో రైలు పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా కనీసం 16 మంది మరణించారు. ఒక పోలీసు అధికారి కూడా ఆనాటి ఘర్షణలో ప్రాణాలు కోల్పోయారు. ఏటా జూలై 1న కార్మికులు అమరుల దినం పాటిస్తూనే ఉన్నారు. యాదృచ్ఛికమే కావచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది కూడా 2024లో అదే తేదీన.

కనిపించేవి రెండు కొసలే

పేరూ ఊరూ తెలియని సామాన్యుని కేసు సంగతి ఏమిటి? భిలాయిలో ఒక కాంట్రాక్టు కూలీపై దాడి జరిగిందనుకుందాం. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేస్తే దానిని 24 గంటల్లోగా ఇంటర్నెట్‌లో ఉంచాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. స్త్రీలపై లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఇచ్చింది. కనుక మొదటి కొస కనిపిస్తుంది. కేసు దుర్గ్ కోర్టులో విచారణకు వస్తే వాయిదా తేదీలు, చివరికి తీర్పు ఈ-కోర్టుల వ్యవస్థలో దొరుకుతాయి. రెండవ కొసా కనిపిస్తుంది.

మధ్యలో జరిగేదే చీకటి. దర్యాప్తు ముగించిన పోలీసులు అభియోగపత్రం వేయవచ్చు, లేదా కేసు మూసివేతకు నివేదిక ఇవ్వవచ్చు. ఫిర్యాదు అబద్ధమని, పొరపాటున నమోదైందని, అది సివిల్ వివాదమని, లేక నేరం నిజమే కాని సాక్ష్యం చాలలేదని అందుకు కారణాలు చూపుతారు. ఈ చివరి కారణం ఉన్నదే, అది కూలీకి అన్నింటికంటె చేదైనది. నేరం జరిగిందని ప్రభుత్వమే ఒప్పుకుంటుంది, కాని ఎవరినీ బోనెక్కించదు. మూసివేత నివేదికను మేజిస్ట్రేటు ఆమోదించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అతని వాదన వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆ నోటీసు అందేసరికి వలస కూలీ చిరునామా మారిపోయి ఉంటే అతని అభ్యంతరం రికార్డులకు ఎక్కదు.

అభియోగపత్రాలను కూడా ఎఫ్.ఐ.ఆర్.ల మాదిరిగానే ప్రజలకు అందుబాటులో ఉంచాలని దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 జనవరి 20న కొట్టివేసింది. అభియోగపత్రం సాక్ష్య చట్టం ప్రకారం బహిరంగ పత్రం కాదని, దానిని అందరి ముందూ పెట్టడం నిందితుని హక్కులకే కాక బాధితుని హక్కులకు, దర్యాప్తు సంస్థకు కూడా భంగకరమని ధర్మాసనం అభిప్రాయపడింది. ఈ వాదనలో పస లేకపోలేదు. సాక్షుల పేర్లు, వాంగ్మూలాలు విచారణకు ముందే వీధికెక్కితే నష్టపోయేది ఎక్కువగా బలహీనులే. అయితే అభియోగపత్రాన్ని యథాతథంగా బయటపెట్టడం వేరు, ఒక పోలీసు స్టేషన్ పరిధిలో ఏడాదిలో ఎన్ని కేసుల్లో అభియోగపత్రాలు వేశారు, ఎన్నింటిని ఏ కారణంతో మూశారు అన్న లెక్క చెప్పడం వేరు. రెండవదానికి ఆ తీర్పు అడ్డు కాదు.

ఆత్మహత్యలకు లెక్క ఉంది

లెక్కలు లేవని కాదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేల అంకెలతో బృహత్ గ్రంథం వెలువరిస్తున్నది. 2022 సంవత్సరానికి సంబంధించిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఐ.పి.సి. నేరాల్లో అభియోగపత్రాలు దాఖలైన కేసులు 71.3 శాతం. శిక్షపడిన కేసులు 54.2 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూసి నూరు నేరాలకు 54 శిక్షలని ఎవరైనా భావిస్తే అది పెద్ద పొరపాటు. మొదటి శాతం పోలీసులు ఆ ఏడాది పరిష్కరించిన కేసులకే వర్తిస్తుంది. రెండవది కోర్టుల్లో ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసులకే పరిమితం. వాయిదాల్లో మూలుగుతున్న కేసులు ఏ భాగహారంలోకీ రావు. కోర్టుల ముందున్న ఐ.పి.సి. కేసుల్లో ఏటా దాదాపు పదింట తొమ్మిది మరుసటి సంవత్సరానికి మిగిలిపోతున్నాయన్నది గుర్తుంచుకుంటే ఈ శాతాల విలువ ఎంతో బోధపడుతుంది. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో పలు నేరాలు ఉంటే అన్నిటికంటె తీవ్రమైన దానినే లెక్కించే పద్ధతి ఒకటి. దానివల్ల చిన్న నేరాల సంఖ్య తక్కువగా కనిపిస్తుంది.

ఇక భిలాయి వాసికి ఈ గ్రంథంలో దొరికేది మరీ స్వల్పం. జిల్లాల వారీగా నేరాల సంఖ్యను బ్యూరో ప్రకటిస్తూ వచ్చింది. ఆ కేసులు ఏమయ్యాయన్నది మాత్రం రాష్ట్రం మొత్తానికి, 20 లక్షలకు మించిన జనాభా గల 19 మహానగరాలకు మాత్రమే ఇస్తున్నది. 2011 జనాభా లెక్కల్లో దుర్గ్-భిలాయినగర్ పట్టణ సముదాయం పది లక్షలు దాటింది కాని ఇరవై లక్షలకు చేరలేదు. దాంతో అది ఆ జాబితాకు అందలేదు. విచిత్రమేమంటే అదే బ్యూరో ప్రమాద మరణాలు, ఆత్మహత్యలపై వెలువరించే నివేదికలో పది లక్షలు దాటిన 53 నగరాలకు పట్టికలు ఉంటాయి. అందులో దుర్గ్-భిలాయినగర్ పేరు కనిపిస్తుంది. అంటే ఈ ఉక్కునగరంలో ఏడాదిలో ఎందరు ఉరి వేసుకున్నారో ఢిల్లీ లెక్క చెప్పగలదు. ఎన్ని కొట్లాట కేసులు సాక్ష్యం చాలక మూతపడ్డాయో మాత్రం నగరం పేరుతో చెప్పదు.

2015 సెప్టెంబరులో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన జాతీయ న్యాయ గణాంకాల గ్రిడ్ ఈ లోటును కొంత తీరుస్తుందని ఆశించారు. జిల్లా కోర్టుల్లో మూడు కోట్లకు పైగా క్రిమినల్ కేసులు పెండింగులో ఉన్నాయని, వాటిలో ఎన్ని పదేళ్లు దాటాయో, సాక్షి రాక ఆగినవెన్నో, న్యాయవాది రాక ఆగినవెన్నో గ్రిడ్ నిమిషాల్లో చూపిస్తున్నది. దుర్గ్ జిల్లా పేరు నొక్కితే అక్కడి పరిస్థితీ తెలుస్తుంది. ఇది సామాన్యమైన విజయం కాదు. ఇరవై ఐదేళ్ల క్రితం ఈ సమాచారం కోసం రికార్డు గుమాస్తా దయకై పడిగాపులు పడవలసి వచ్చేది. అయితే గ్రిడ్ కొలిచేది కాలాన్ని. అది పర్యవసానాన్ని కొలవదు. ఎన్ని కేసులు పరిష్కారమయ్యాయో చెబుతుంది గాని, ఆ పరిష్కారం శిక్షా, విడుదలా, రాజీయా, ఉపసంహరణా అన్నది తెలుసుకోవాలంటే ఒక్కొక్క కేసునూ తెరిచి చూడక తప్పదు. కేసు ముగిసిన తీరును ఒక్కో కోర్టు ఒక్కో మాటతో నమోదు చేస్తుండటంతో వాటిని ఒక చోట చేర్చడం మరో తలనొప్పి.

ఆ తలనొప్పిని భరించి ఫలితం సాధించిన వారూ లేకపోలేదు. 2010 నుంచి 2018 వరకు దేశంలోని కింది కోర్టులకు చెందిన సుమారు ఎనిమిది కోట్ల కేసుల రికార్డులను కొందరు ఆర్థికశాస్త్ర పరిశోధకులు సేకరించి 2021లో అందరికీ ఉచితంగా అందించారు. న్యాయమూర్తులు తమ మతం వారి పట్ల, తమతో సమానమైన లింగానికి చెందిన నిందితుల పట్ల పక్షపాతం చూపుతున్నారా అని వారు లక్షలాది క్రిమినల్ కేసులను పరిశీలించగా చెప్పుకోదగిన పక్షపాతం కానరాలేదు. గణాంకాలు బయటపడితే ఎప్పుడూ వ్యవస్థకు మచ్చ వస్తుందని భయపడేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఫ్యాక్టరీ ప్రమాదాల్లో ఏం జరుగుతోంది?

భిలాయి వంటి పారిశ్రామిక పట్టణంలో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. 2014 జూన్ 12న ఉక్కు కర్మాగారంలోని పంప్‌హౌస్‌లో విషవాయువు వ్యాపించి ఇద్దరు ఉన్నతాధికారులతో సహా ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఒవెన్ గ్యాస్ గొట్టం వద్ద మరమ్మతుల సమయంలో సంభవించిన పేలుడు, మంటల్లో తొలిరోజే తొమ్మిది మంది ప్రాణాలు విడిచారు. ఆ సంఖ్య తరువాత ఇంకా పెరిగింది. ఇవి పత్రికల మొదటి పేజీలకెక్కిన ఘటనలు. చిన్న ఫ్యాక్టరీల్లో ఒక్కరొక్కరుగా నేలకొరిగే కాంట్రాక్టు కార్మికుల మరణాలు జిల్లా పేజీలు దాటి రావు.

ఇటువంటి మరణం సంభవించినపుడు చట్టం రెండు దారులు తెరిచి ఉంచుతుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని పోలీసులు కేసు పెట్టవచ్చు. భద్రతా నిబంధనల ఉల్లంఘనపై ఫ్యాక్టరీల తనిఖీ అధికారి కోర్టుకు వెళ్లవచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రెండవ దారిలో ఫిర్యాదు చేసే అధికారం ఆ అధికారికి లేక అతని అనుమతి పొందినవారికి మాత్రమే ఉండేది. అదీ నేరం తన దృష్టికి వచ్చిన మూడు నెలల్లోగా చేయాలి. మూడు నెలలు దాటితే మామూలుగా కేసు లేదు. అంటే చనిపోయిన కార్మికుని కుటుంబం దినవారాలు ముగించుకుని, పరిహారం కోసం తిరుగుతుండగానే, యాజమాన్యాన్ని కోర్టుకు ఈడ్చాలా వద్దా అన్న నిర్ణయం వారికి తెలియకుండానే జరిగిపోయేది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. మరణం సంభవించిన ఉల్లంఘనకు జరిమానా కనీసం ఐదు లక్షల రూపాయలకు పెరిగింది. అందులో సగానికి తక్కువ కాకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు లభించింది. కోర్టుకు వెళ్లిన కేసుకే ఈ మేలు. వెళ్లనివాటి సంఖ్య, వెళ్లకపోవడానికి కారణం ఫ్యాక్టరీ వారీగా ప్రకటించే ఆనవాయితీ ఇప్పటికీ ఏర్పడలేదు. పెట్టుబడిదారులు టన్నుకు బొగ్గు ఖర్చు దగ్గర నుంచి అన్నీ ఆరా తీసే పరిశ్రమలో ఇది ఒక్కటి మాత్రం ఎవరూ అడగని అంకెగా మిగిలిపోయింది.

ఒకే రాష్ట్రం, వేరు వేరు లోకాలు

రాష్ట్రవ్యాప్త సగటు ఎంతటి మోసకారో తెలియడానికి ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసకు వెళితే చాలు. భిలాయి, బస్తర్ రెండూ బిలాస్‌పూర్ హైకోర్టు పరిధిలోనివే. 2013లో జగదల్‌పూర్‌లో న్యాయసహాయం ప్రారంభించిన ఒక న్యాయవాదుల బృందం దంతెవాడ సెషన్స్ కోర్టు రిజిస్టర్లను పరిశీలించి 2005-2012 మధ్య ముగిసిన కేసుల లెక్క తీసింది. నూటికి 95కు పైగా కేసుల్లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. జాతీయ స్థాయిలో సగం కేసులకు పైగా శిక్షతో ముగుస్తుంటే ఒక జిల్లాలో ఇరవైకి పందొమ్మిది కేసులు వీగిపోతున్నాయన్నమాట. ఏళ్ల తరబడి జైలులో మగ్గిన తరువాత లభించే విడుదల అది. ప్రభుత్వం ప్రకటించిన ఏ పట్టికలోనూ ఈ సంగతి కనిపించలేదు. చేతిరాత రిజిస్టర్లను ఓపికగా తిరగేస్తే బయటపడింది.

2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద నక్సలైట్ల దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు బలైన కేసులో 121 మంది ఆదివాసీలను దంతెవాడలోని ప్రత్యేక కోర్టు 2022 జూలైలో నిర్దోషులుగా ప్రకటించింది. అప్పటికి వారిలో అధికులు ఐదేళ్లు జైలులో గడిపారు. జవాన్ల కుటుంబాలకు దోషులు ఎవరో తెలియలేదు, ఆదివాసీలకు పోయిన కాలం తిరిగి రాలేదు. ప్రాసిక్యూషన్ నిర్ణయం తప్పితే నష్టపోయేది ఇరుపక్షాలూ అన్న మాటకు ఇంతకంటె ఉదాహరణ అవసరం లేదు.

ఇటువంటి వైఫల్యాలకు చికిత్సగా సుప్రీంకోర్టు 2014 జనవరి 7న గుజరాత్‌కు చెందిన ఒక కేసులో గట్టి ఆదేశమే ఇచ్చింది. నిందితులు విడుదలైన ప్రతి కేసునూ పోలీసు, ప్రాసిక్యూషన్ శాఖల సీనియర్ అధికారులతో కూడిన స్థాయీ సంఘం పరిశీలించాలని, కేసు ఎందుకు వీగిపోయిందో కారణాలు నమోదు చేయాలని, లోపం ఎవరిదైతే వారిపై శాఖాపరమైన చర్య తీసుకోవాలని అన్ని రాష్ట్రాలకూ నిర్దేశించింది. ఇందుకు ఆరు నెలల గడువు విధించింది. ఆ కారణాలు నమోదైన చోట కూడా అవి అధికారుల మధ్య తిరిగే కాగితాలుగానే ఉన్నాయి. కొట్లాట కేసులు ఎక్కువగా సాక్షులు ఎదురు తిరగడం వల్ల వీగిపోతున్నాయా, వైద్య నివేదికలు ఆలస్యం కావడం వల్లనా అన్నది దుర్గ్‌లోనో, గుంటూరులోనో, కరీంనగర్‌లోనో ఉండే పౌరుడు చూసుకోగల పట్టికగా అవి మారలేదు.

చికాగోలో సాధ్యమైనది

విదేశాల్లో ఈ దిశగా జరిగిన ప్రయత్నాలు పరిశీలించదగినవి. భిలాయి లాగే ఒకప్పుడు ఉక్కు మిల్లులకు నెలవైన చికాగో నగరం అమెరికాలోని కుక్ కౌంటీలో ఉంది. అక్కడి భారీ సౌత్ వర్క్స్ కర్మాగారం 1992లో మూతపడింది. ఆ కౌంటీ ప్రాసిక్యూటర్ కార్యాలయం 2018లో తన పరిధిలోని తీవ్ర నేరాల కేసుల సమాచారాన్ని కేసు వారీగా ప్రజలకు విడుదల చేసింది. పోలీసులు తెచ్చిన కేసును స్వీకరించారా తిరస్కరించారా, ఏ అభియోగం మోపారు, ఎలా ముగిసింది, ఏ శిక్ష పడింది అన్న నాలుగు దశలూ అందులో ఉన్నాయి. పేర్లు లేవు. ఇంగ్లండులో 2011 నుంచి వీధుల వారీగా నేరాల పటం ప్రచురిస్తున్నారు. ఆ తరువాత ఏడాది నుంచి ఒక్కో నేరం పర్యవసానమూ చేర్చారు. ప్రాసిక్యూషన్ జరపరాదన్న నిర్ణయాన్ని పునఃపరిశీలించాలని బాధితుడు కోరే పద్ధతి అక్కడ 2013 జూన్ నుంచి అమలులో ఉంది.

విదేశీ పద్ధతిని గుడ్డిగా దిగుమతి చేసుకోవలసిన పని లేదు. అక్కడ ప్రాసిక్యూటరే కేసు నడపాలో లేదో తేల్చే అధికారి. మన దేశంలో అభియోగపత్రం వేసేది పోలీసులు, విచారణకు స్వీకరించేది మేజిస్ట్రేటు, వాదించేది ప్రాసిక్యూటర్. కనుక ఎవరి లెక్క వారు రాసుకుంటారు, మొత్తం లెక్కకు బాధ్యుడు ఎవరూ ఉండరు. ఈ లోపాన్ని సవరించే అవకాశం 2024 నాటి కొత్త చట్టంలో లేకపోలేదు. పదేళ్లు, అంతకు మించిన శిక్షకు గురయ్యే నేరాలను ప్రాసిక్యూషన్ డైరెక్టరు, ఏడు నుంచి పదేళ్ల లోపు వాటిని డిప్యూటీ డైరెక్టరు, ఏడేళ్ల లోపు వాటిని అసిస్టెంటు డైరెక్టరు పర్యవేక్షించాలని అందులో స్పష్టంగా పేర్కొన్నారు. జిల్లా స్థాయిలోనూ ప్రాసిక్యూషన్ కార్యాలయం నెలకొల్పవచ్చు. పర్యవేక్షించేవాడు ఉంటే లెక్క చెప్పవలసినవాడు దొరికినట్లే. దుర్గ్‌లో అటువంటి అధికారి నెలకొక పట్టిక ప్రకటించడానికి కొత్త చట్టం అవసరం లేదు, ఒక ఉత్తర్వు చాలు.

అభ్యంతరాలు వినిపించకపోవు. శిక్షల శాతం ప్రకటించడం మొదలుపెడితే ప్రాసిక్యూటర్లు సులువైన కేసులు మాత్రమే చేపట్టి, సాక్ష్యం బలహీనంగా ఉన్న పేదవారి కేసులను మొదటే వదిలించుకుంటారన్న భయం వాస్తవమైనది. పరీక్షాఫలితాల శాతం కోసం బలహీన విద్యార్థిని పరీక్షకు పంపని పాఠశాలలు మనకు తెలియనివి కావు. ఈ కారణంగానే ఒక్క శిక్షల శాతం చాలదని, మూసివేసిన కేసుల సంఖ్య, కారణం కూడా పక్కనే ఉండాలని ఈ వాదన చేసేవారు అంటున్నారు. నిర్దోషిగా విడుదలైన వ్యక్తి పేరు ఇంటర్నెట్‌లో వెదికితే పాత కేసే ముందుగా కనిపించి ఉద్యోగం రాకుండా పోవడం రెండవ ప్రమాదం. పేర్లు లేని గణాంకాలతో అది తప్పుతుంది. సమాచార హక్కు చట్టాన్ని ఉపయోగించి రాబట్టుకోవచ్చు కదా అనేవారు ఉన్నారు. దర్యాప్తుకు ఆటంకమన్న మినహాయింపు ఆ చట్టంలో ముందునుంచీ ఉంది. కోర్టు పత్రాల నకళ్లకు హైకోర్టు నిబంధనల ప్రకారమే దరఖాస్తు చేయాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన సవరణతో వ్యక్తిగత సమాచారం పేరిట నిరాకరించడం అధికారులకు మరింత తేలికైంది.

ఉపసంహరణల విషయంలో మాత్రం కొంత ముందడుగు పడింది. ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరించుకోదలిస్తే బాధితుని వాదన వినకుండా కోర్టు అనుమతించరాదని కొత్త చట్టం నిర్దేశించింది. ఎం.పి.లు, ఎం.ఎల్.ఎ.లపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులోనే ఆదేశించింది. ఫిర్యాదు చేసిన వారికి దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా తెలియజేయాలన్న నిబంధన కూడా 2024లో వచ్చింది. ఆ సమాచారం అందని ఫిర్యాదుదారు పోలీసు స్టేషన్‌లో దానిని అడిగి తీసుకోవచ్చు.

నియోగి కుటుంబానికి 1998లో లేని హక్కు ఒకటి నేడు ప్రతి బాధితునికీ ఉంది. 2009 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం నిందితుడు నిర్దోషిగా విడుదలైనా, చిన్న నేరానికే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా బాధితుడు తానే అప్పీలు చేసుకోవచ్చు. ఇందుకు ముందుగా అనుమతి కోరనవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అయితే తీర్పు వెలువడిన సంగతి తెలిస్తేనే ఈ హక్కు పనికివస్తుంది. విడుదల జరిగిన విషయం నెలల తరువాత ఇరుగుపొరుగు చెబితే తెలుసుకునే కుటుంబాలు తక్కువేమీ కాదు. దుర్గ్ కోర్టులోనైనా, మన జిల్లా కోర్టుల్లోనైనా పదహారు అక్షరాల కేసు సంఖ్యను ముందే రాసి ఉంచుకుంటే తదుపరి వాయిదా, తీర్పు తేదీ ఫోనులోనే చూసుకోవచ్చు. తీర్పు వెలువడగానే కోర్టులోని నకళ్ల విభాగంలో ధ్రువీకృత ప్రతికి దరఖాస్తు చేయాలి. దరఖాస్తు చేసిన రోజు నుంచి ప్రతి సిద్ధమయ్యే వరకు గడిచిన కాలాన్ని అప్పీలు గడువులో లెక్కించరు. ఆ రెండు తేదీలూ ప్రతిపై ముద్రించి ఇస్తారు.